పాత మైక్రోమీటర్ కొనడానికి వెళ్తున్నారా? జేబులో ఒక 608 బేరింగ్ వేసుకోండి

హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో గోనెపట్టా మీద, తుప్పు పట్టిన స్పానర్లకీ పిడి ఊడిన సుత్తులకీ మధ్య ఒక మైక్రోమీటర్, అంటే మిల్లీమీటరులో వందో వంతు దాకా కొలిచే పనిముట్టు, పడుంటుంది. తిప్పి చూస్తే ఫ్రేమ్ మీద జపాన్ కంపెనీ పేరు. అమ్మేవాడు చెప్పే ధర కొత్తదాని ధరలో ఏ నాలుగో వంతో ఉంటుంది. బేరం మొదలుపెట్టే ముందు ఒక్కటి ఆలోచించాలి: ఇంత మంచి వస్తువు ఇక్కడికెందుకు చేరింది?

ఏదో ఫ్యాక్టరీ మూతబడి సామానంతా లాటుగా వేలంలో పోయుండొచ్చు. ఎవరో టర్నర్ పని మానేశాక ఇంట్లోవాళ్ళు పెట్టె ఖాళీ చేసుండొచ్చు. లేదా టూల్‌రూమ్‌లో కాలిబ్రేషన్‌లో ఫెయిలైతే ఎర్ర రంగు పూసి స్క్రాప్‌లో పడేసుండొచ్చు, దాన్ని ఎవరో రంగు గీకి అమ్మకానికి పెట్టుండొచ్చు. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి చుట్టూ ఇన్ని మెషిన్ షాపులున్న ఊళ్ళో ఈ మూడు రకాలూ దొరుకుతాయి. పైకి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి. వాటిని విడదీయాలంటే మనకి ముందే తెలిసిన కొలత ఒకటి చేతిలో ఉండాలి.

దానికి 608 బేరింగ్ చాలు. లోపలి రంధ్రం 8 మి.మీ., బయటి వ్యాసం 22, వెడల్పు 7. పిల్లలు వేలి మీద తిప్పే స్పిన్నర్‌లో ఉండేది ఇదే సైజు. మామూలు క్లాసు బేరింగ్‌కి కూడా బయటి వ్యాసం 22.000 దాటకూడదు, 21.991 కంటే తగ్గకూడదు. అంటే తేడా 9 మైక్రాన్ల లోపు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఏ రాణిగంజ్ బేరింగ్ షాపులోనో పేరున్న కంపెనీది, కొత్తది, బిల్లుతో కొనండి. స్పిన్నర్‌లోంచి ఊడదీసినవి వద్దు. దానితో పాటు 625, 623 కూడా తీసుకుంటే ఇంకా మంచిది. వాటి బయటి వ్యాసాలు 16, 10 మి.మీ., రెండింటికీ తరుగు 8 మైక్రాన్ల లోపే. వెడల్పుని మాత్రం నమ్మకండి, 608 వెడల్పులో 0.12 మి.మీ. దాకా తేడా ఉండొచ్చు. మంచి మైక్రోమీటర్ ఉన్నవాళ్ళ దగ్గర ఒకసారి ఈ మూడింటినీ కొలిపించి, అసలు సైజుని డబ్బా మీద రాసుకుంటే అవే మీ ఇంటి ప్రమాణాలు.

సంతలో పరీక్షకి అయిదు నిమిషాలు పడుతుంది. ముందు తెల్ల కాగితం ముక్క తీసి ఆన్విల్‌కీ (కదలని కొస) స్పిండిల్‌కీ (తిప్పితే ముందుకొచ్చే కడ్డీ) మధ్య పెట్టి, మెత్తగా బిగించి, బయటికి లాగండి. నల్లటి చార వస్తుంది. చార రాకుండా పోయేదాకా కాగితం మార్చి లాగాలి. చాలామంది చూసే సున్నా తప్పు నిజానికి ఈ మురికే. ఆ తర్వాత ర్యాచెట్ (కొసన టిక్కుటిక్కుమనే చిన్న పిడి) పట్టుకుని మూసి, మూడు టిక్కులు వినిపించాక సున్నా చూడండి. రెండు మూడు గీతలు (గీత అంటే 0.01 మి.మీ.) అటూ ఇటూ ఉంటే కంగారొద్దు, ఇంట్లో సరిచేసుకోవచ్చు. ఆ తేడాని గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు 608ని వెడల్పు మధ్యలో పట్టించి కొలవండి. మూసినప్పుడు 0.02 ఎక్కువ చూపిన మైక్రోమీటర్ బేరింగ్‌కి 22.01 చూపితే అసలు కొలత 21.99, బాగుంది. అదే 22.05 చూపితే తేడా తీసేశాక కూడా 22.03. అలాంటిదాన్ని ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోకండి. తర్వాత 16, 10 కూడా చూడండి. మూడు చోట్లా తేడా ఒకేలా ఉంటే అది కేవలం సున్నా తప్పు. ఒకచోట మాత్రమే తేడా వస్తే అక్కడ మరలు (స్పిండిల్ మీది స్క్రూ చుట్లు) అరిగాయి. ఏళ్ళ తరబడి ఒకే షాఫ్టు, ఒకే సైజు, రోజుకి వందలసార్లు కొలిచిన మైక్రోమీటర్ సరిగ్గా ఆ సైజు దగ్గరే అరుగుతుంది. మిగతా అంతా కొత్తదానిలా ఉంటుంది. ఇలాంటివే కొనేవాళ్ళని ఎక్కువ మోసం చేస్తాయి.

మొహాలు (ఆన్విల్, స్పిండిల్‌ల కొలిచే కొసలు) సమాంతరంగా ఉన్నాయా అన్నది తేల్చడానికి 3 లేక 4 మి.మీ. ఉక్కు బాల్ ఒకటి సరిపోతుంది. పాత బేరింగ్ పగలగొడితే దొరుకుతుంది. దాని సైజు ఎంతన్నది ఇక్కడ అనవసరం, ఒకే బాల్ కావడమే ముఖ్యం. మొహం మధ్యలో ఒకసారి, నాలుగు అంచుల దగ్గర నాలుగుసార్లు కొలవండి. ఎక్కడైనా సగం గీత తేడా కనిపించిందంటే 5 మైక్రాన్లు పోయినట్టే. మంచి మైక్రోమీటర్‌లో ఈ తేడా కంటికి ఆనదు. మొహాలు అరిగితే వాటిని మళ్ళీ ల్యాప్ చెయ్యడం (సన్నటి పొడితో రుద్ది చదును చెయ్యడం) ఇంట్లో అయ్యే పని కాదు.

చేతికి తెలిసేవి కొన్నున్నాయి. థింబుల్‌ని (గీతలున్న, చేత్తో తిప్పే గొట్టం) ఒక కొస నుంచి ఇంకో కొసకి నెమ్మదిగా తిప్పుకుంటూ పోండి. ప్రతి చుట్టులోనూ ఒకేచోట బిగుసుకుని మళ్ళీ వదులవుతుంటే స్పిండిల్ వంగింది, కింద పడ్డ సరుకది. లాక్ బిగించినప్పుడు రీడింగ్ కదిలితే అదీ అనుమానమే. కార్బైడ్ మొహం అంచు పెచ్చు ఊడి ఉంటే వదిలేయండి. ఫ్రేమ్ మీద రంగు పోవడం, ఎలక్ట్రిక్ పెన్నుతో నంబరు చెక్కి ఉండటం దోషాలు కావు. నంబరు ఉందంటే టూల్‌రూమ్‌లో క్రమశిక్షణగా బతికిందని అర్థం. కానీ కంపెనీ పేరంతా స్పష్టంగా ఉండి, ఎక్కడిదంటే అమ్మేవాడు నీళ్ళు నములుతుంటే, దొంగ సరుకు కావచ్చు. పెట్టెయ్యండి.

ఇంకో మాట. బఫింగ్ కొట్టి తళతళలాడేలా చేసిన కొలత పనిముట్టు ఎప్పుడూ కొనకండి. బఫ్ చక్రం అంచుల్ని గుండ్రం చేస్తుంది, గీతల్ని పలచన చేస్తుంది, దానితో పాటు మనం చూడాల్సిన ఆధారాలన్నీ తుడిచేస్తుంది. మురికిగా, నూనె మరకలతో ఉన్నదే నయం.

అంగుళాల మైక్రోమీటర్లు ఎవరూ అడగరు కాబట్టి చవగ్గా దొరుకుతాయి. షెఫీల్డ్ మూర్ అండ్ రైట్, అమెరికా స్టారెట్ లాంటి పాత సరుకు చాలావరకు గట్టిదే. మరకి అంగుళానికి 40 చుట్లు, థింబుల్ మీద 25 గీతలు, ఒక్కో గీత ఒక థౌ (అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.0254 మి.మీ. మీ లేత్ డయల్ అంగుళాల్లో ఉంటే కళ్ళు మూసుకుని తీసుకోండి. మిల్లీమీటర్ల లేత్ పక్కన పెట్టుకుని ప్రతిసారీ లెక్కగట్టేవాళ్ళు ఏదో ఒకరోజు 25తో గుణించి జాబ్ పాడు చేసుకుంటారు.

ఇంటికి తెచ్చాక మొదటి పని విప్పడం. మెట్రిక్ 0–25 మైక్రోమీటర్‌లో స్పిండిల్ మర 0.5 మి.మీ., థింబుల్ మీద 50 గీతలు, గీతకి 0.01. లాక్ వదులు చేసి థింబుల్‌ని 25 దాటించి తిప్పుతూ పోతే స్పిండిల్ మొత్తం వెనక్కి ఊడి వస్తుంది. మరల్లో గట్టిపడ్డ నల్లటి జిడ్డు కనిపిస్తుంది. ఒక చిన్న గిన్నెలో వైట్ పెట్రోల్ పోసి, పాత టూత్ బ్రష్‌తో మరల వెంబడి రుద్దండి. ఆరుబయట, స్టవ్‌కి దూరంగా. స్లీవ్ (థింబుల్ కింద కదలకుండా ఉండే గొట్టం) లోపలి మరల్ని ఇయర్ బడ్‌తో తుడవండి. ఆరాక కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క మరలకి చాలు. గ్రీజు వద్దు, చలికాలం థింబుల్ బరువెక్కుతుంది. స్పిండిల్ మొహం మీద తుప్పు చుక్కలుంటే ఎమెరీ పేపర్ ముట్టించొద్దు. నూనె పట్టించి ఒక రాత్రి ఉంచి గుడ్డతో రుద్దండి, పోయినంత పోతుంది. వెనిగర్‌లో నానబెట్టే చిట్కా ఇలాంటి వాటికి పనికిరాదు, గీతల నలుపునీ, పైపూతనీ తినేస్తుంది.

స్పిండిల్ బయట ఉండగా స్లీవ్ కొసన చూస్తే చిన్న నట్టు ఒకటి కనిపిస్తుంది. మర లూజు అయినప్పుడు సరిచెయ్యడానికి పెట్టింది అది. స్పిండిల్ ఎక్కించి, ముందుకీ వెనక్కీ లాగితే టకటకమని ఆడుతుంటే, ఆ నట్టుని ఒకేసారి ఓ పదో వంతు చుట్టు చొప్పున బిగించి చూడండి. ఆట పోవాలి, థింబుల్ మాత్రం వేలితో తోస్తే తేలిగ్గా తిరగాలి. ఒకచోట ఆట పోయి ఇంకోచోట బిగుసుకుంటుంటే మర ఎగుడుదిగుడుగా అరిగింది, ఇక నట్టు చేసేదేమీ లేదు.

ఆఖర్న సున్నా. మొహాలు కాగితంతో తుడిచి, ర్యాచెట్‌తో మూసి, లాక్ వెయ్యండి. స్లీవ్ వెనక వైపు చిన్న గుంట ఉంటుంది. సి-స్పానర్ కొక్కెం అందులో పెట్టి స్లీవ్‌నే తిప్పితే దాని మీది నిలువు గీత థింబుల్ సున్నాకి ఎదురుగా వస్తుంది. స్పానర్ లేకపోతే సైకిల్ పుల్ల కొస వంచి, గుంటకి సరిపడేలా రాస్తే పని జరుగుతుంది. కటింగ్ ప్లయర్ మాత్రం పెట్టకండి. తేడా ఒక గీత కంటే బాగా ఎక్కువైతే స్లీవ్‌ని అంత తిప్పొద్దు, చూసే వైపు నుంచి గీతలు పక్కకి జరిగిపోతాయి. అప్పుడు ర్యాచెట్ విప్పి, థింబుల్‌ని స్పిండిల్ మీద వదులు చేసి, సుమారుగా సున్నాకి తెచ్చి బిగించి, మిగిలిన కొంచెం స్లీవ్‌తో సరిపెట్టండి.

ఇంత చేసినా, బేరింగ్‌లతో కొలిచినంత మాత్రాన పరీక్ష పూర్తయినట్టు కాదు. 10, 16, 22 అన్నీ పూర్ణ సంఖ్యలు కావడంతో థింబుల్ ప్రతిసారీ సున్నా దగ్గరే ఆగుతుంది. ఒక చుట్టులోపల మర ఎలా ఉందో వాటికి తెలియదు. టూల్‌రూముల్లో 2.5, 5.1, 7.7, 10.3, 12.9, 15, 17.6, 20.2, 22.8, 25 మి.మీ. స్లిప్ గేజ్‌లు (కచ్చితమైన మందం ఉన్న ఉక్కు ముక్కలు) వాడేది అందుకే, థింబుల్ ఒక్కోసారి ఒక్కో కోణంలో ఆగుతుంది. ఇంటికి 87 ముక్కల స్లిప్ గేజ్ పెట్టె అవసరం లేదు. విడి ముక్కలు దొరికితే 5.1, 10.3, 12.9, 20.2 ఈ నాలుగూ పట్టుకోండి. వర్క్‌షాప్ గ్రేడ్ 2 అయినా 10 మి.మీ. లోపు తేడా అర మైక్రాన్ దాటదు, మన పనికి అది బ్రహ్మాండం. ఒక ముక్క మీద మరొకటి తిప్పి అతికిస్తే అంటుకోవాలి. అంటుకోకపోతే గీతలో, తుప్పో ఉన్నట్టు.

మైక్రోమీటర్ ఎంత సరిగ్గా ఉండాలంటే, ఉదాహరణకి 20 మి.మీ. షాఫ్టుకి హెచ్6 అనే టాలరెన్స్ (ఒప్పుకునే సైజు హద్దు) 20.000 నుంచి 19.987 వరకు, మొత్తం 13 మైక్రాన్లే. కొత్త 0–25 మైక్రోమీటర్‌కి ప్రమాణం ప్రకారం ఒప్పుకునే తప్పు 4 మైక్రాన్లు. మీ పాతది 5 లోపు ఉంటే బేరింగ్ కూర్చునే షాఫ్టు తిప్పుకోవచ్చు. 10 మైక్రాన్లు తప్పు ఉన్నదానితో ఆ పని జరగదు.

టర్నింగ్ అయిన వెంటనే, చెయ్యి పెడితే చురుక్కుమనే షాఫ్టుని కొలిస్తే మైక్రోమీటర్ ఎంత మంచిదైనా లాభం లేదు. ఉక్కు ఒక మీటరు పొడవుకి ఒక్కో డిగ్రీకి 11.5 మైక్రాన్లు పెరుగుతుంది. 20 మి.మీ. షాఫ్టు గది కంటే 25 డిగ్రీలు వేడిగా ఉంటే దాదాపు 6 మైక్రాన్లు లావుగా కనిపిస్తుంది. మీరు సైజు వచ్చిందనుకుని ఆపేస్తారు, చల్లారాక టాలరెన్స్‌లో సగం మాయం. మే నెలలో విజయవాడ షెడ్డులో 42 డిగ్రీలున్నా ఉక్కు జాబ్, ఉక్కు మైక్రోమీటర్ రెండూ ఒకే వేడిలో ఉంటే ఫరవాలేదు, రెండూ కలిసే పెరుగుతాయి. అల్యూమినియం మాత్రం ఉక్కుకి రెండింతలు పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర ఉండాల్సిన కొలతకి 40 డిగ్రీల్లో 50 మి.మీ. అల్యూమినియం ముక్క ఒక గీతకి పైనే తేడా చూపుతుంది.

వెర్నియర్ కాలిపర్ (జారే జాలున్న కొలబద్ద) సంగతి తొందరగా చెప్పేయొచ్చు. 0.02 వెర్నియర్‌లో 49 మి.మీ.ని 50 భాగాలు చేస్తారు. జాలు (కొలిచే దవడలు) మూసి ఆకాశం వైపు పెట్టి వెలుగు చూడండి. తర్వాత 608ని జాల మొదట్లో ఒకసారి, కొస దగ్గర ఒకసారి కొలవండి. రెండు గీతలకి మించి తేడా వస్తే స్లైడ్ ఆడుతోంది. స్లైడ్ పై అంచున ఉండే రెండు చిన్న స్క్రూలని పూర్తిగా బిగించి, ఒక్కోదాన్ని 45 డిగ్రీలు వెనక్కి తిప్పితే చాలావరకు సర్దుకుంటుంది. కొసలు మొద్దుబారి ఉంటే మాత్రం ఎవరో దానితో జాబ్ మీద గీతలు గీశారు. మన షాపుల్లో ఇది మామూలే, వెర్నియర్ కొంటున్నారంటే ఎవరిదో స్క్రైబర్ కూడా కొంటున్నట్టే. లోపలి జాలు చిన్న రంధ్రంలో నిజం కంటే కాస్త తక్కువే చూపుతాయి, అది అరుగుదల అనుకోకండి.

డయల్ కాలిపర్ పళ్ళలో చిన్న రజను ఇరుక్కున్నా ముల్లు గంతేస్తుంది. సంతలో అది తేల్చలేరు. సెకండ్ హ్యాండ్ డిజిటల్ అయితే వద్దే వద్దు. కూలెంట్ లోపలికి పోయుంటుంది, బ్యాటరీ గదిలో పచ్చటి చిలుము పట్టుంటుంది, పైగా పేరున్న జపాన్ మోడళ్ళకి నకిలీలు కుప్పలు తెప్పలు. చూడాల్సొస్తే జాలు మూసి సున్నా నొక్కి, నాలుగైదుసార్లు విసురుగా లాగి మూయండి. సున్నా మారితే అక్కడితో సరి.

డయల్ గేజ్‌లలో (చిన్న కదలికని ముల్లుతో చూపేవి) మన దగ్గర ఎక్కువ కనిపించేది పుణె బేకర్ మెర్సర్. 10 మి.మీ. ప్లంజర్ రకం, గీతకి 0.01, కాండం 8 మి.మీ. ఇలాంటివి పాతవి కొన్నా దిగులు లేదు, ఒక్క తప్పు చెయ్యకపోతే చాలు: ప్లంజర్‌కి నూనె వెయ్యకండి. అది బిగుసుకుంటోందని ఎవరో నూనె వేస్తారు, నూనెకి దుమ్ము పడుతుంది, ఇంకా బిగుస్తుంది. వైట్ పెట్రోల్‌లో ముంచిన గుడ్డతో ప్లంజర్‌ని తుడిచి, పొడిగా ఉంచండి. గట్టి తలం మీద ఆనించి, ప్లంజర్‌ని ఎత్తి పదిసార్లు వదలండి. ముల్లు ప్రతిసారీ అదే చోటికి రావాలి. సగం గీత అటూ ఇటూ వస్తుంటే లోపల పళ్ళు అలిసిపోయాయి. కొస గుండు మీద చదునైన మచ్చ పడిందేమో భూతద్దంతో చూడండి. కొస మార్చడం తేలిక, ఎం2.5 మరతో కొత్తవి దొరుకుతాయి.

లివర్ రకం డయల్‌లో దొంగ వేరే చోట ఉంటాడు. దాని స్టైలస్ (జాబ్‌ని తాకే సన్నటి పుల్ల) విరిగితే, దొరికిన పొడవుది ఏదో ఎక్కించి అమ్మేస్తారు. గేజ్ లోపలి లెక్క అసలు స్టైలస్ పొడవుకి కట్టింది. పొడుగుది పెడితే తక్కువ చూపుతుంది, పొట్టిది పెడితే ఎక్కువ. పట్టుకోవడం సులువే. ఫీలర్ గేజ్‌లో (రకరకాల మందాల రేకుల కట్ట) 0.50 రేకుని మైక్రోమీటర్‌తో కొలిచి, చదునైన అద్దం మీద పెట్టి, స్టైలస్‌ని అద్దం నుంచి రేకు మీదికి ఎక్కించండి. 0.50కి బదులు 0.40 చూపిందంటే స్టైలస్ తప్పు. స్టైలస్ తలానికి ఎంత వాలి ఉందన్నది కూడా చూసుకోవాలి. 30 డిగ్రీలు వాలితే 0.10 చూపినది నిజానికి 0.087, 60 డిగ్రీలైతే సగమే. 15 డిగ్రీల లోపు ఉంచితే తేడా పట్టించుకోనక్కర్లేదు. లేత్ మీది ఫోర్ జా చక్‌లో జాబ్ సెంటర్ చెయ్యడానికే వాడేవాళ్ళకి ఇదంతా అక్కర్లేదు. ముల్లు కదలకుండా ఉంటే చాలు కదా, ఎంత కదిలిందన్న లెక్క దేనికి?

అద్దం అన్నాం కాబట్టి: ఇంట్లో సర్ఫేస్ ప్లేట్‌కి (కొలతలకి ఆధారంగా వాడే చదునైన పలక) బదులు 12 మి.మీ. ఫ్లోట్ గ్లాస్ ముక్కని మూడు రబ్బరు బిళ్ళల మీద పెట్టుకుంటే చిన్న పనులకి సరిపోతుంది. వంటింటి గట్టు గ్రానైట్‌తో ఆ పని జరగదు. చీమకుర్తి రాయి ఎంత మెరిసినా ఆ మెరుపు పాలిష్‌దే, చదును కోసం ల్యాప్ చేసిన పలక వేరు.

దాచేటప్పుడు మైక్రోమీటర్‌ని ముట్టుకున్న చోటల్లా చెమట తుడిచి, నూనె గుడ్డ ఒకసారి రాయండి. విశాఖ లాంటి సముద్రపు గాలిలో ఇది ఒక్కరోజు మానినా వేలిముద్ర గోధుమ రంగులో తేలుతుంది. పెట్టెలో సిలికా జెల్ పొట్లం వెయ్యండి, డయల్ గేజ్‌ని నిలబెట్టే మ్యాగ్నెటిక్ బేస్‌ని వేరే పెట్టెలో పెట్టండి. మైక్రోమీటర్‌కి అయస్కాంతం ఎక్కితే ఇనుప రజను మొహానికి అంటుకుని వదలదు. మొహాలు రెండూ తాకకుండా మిల్లీమీటరు సందు వదిలి, లాక్ వెయ్యకుండా మూయండి. ఆ 608 కూడా అదే పెట్టెలో ఉండాలి, వారానికోసారి మైక్రోమీటర్‌కి చూపించడానికి.